వెన్నుపాము గాయం తరువాత విరాళాల కోసం మూడు రోజుల సైకిల్ యాత్ర: ఎలా సిద్ధపడాలి?

తూర్పుగాలి

సభ్యులందరికీ నమస్కారం. నాది టీ-4 స్థాయిలో, అంటే పై నుంచి లెక్కిస్తే ఛాతీ వెనుక నాలుగో వెన్నుపూస దగ్గర, పూర్తి గాయం. ఛాతీ మధ్య నుంచి కిందికి స్పర్శ గాని, కదలిక గాని లేవు. గాయమై చాలా ఏళ్లయింది. వీల్‌చైర్‌లో నా పనులు నేను చేసుకుంటాను, వెనక్కి వాలి కూర్చుని చేతులతో తొక్కే హ్యాండ్‌సైకిల్ కూడా కొంతకాలంగా నడుపుతున్నాను. వెన్నుపాము గాయమైనవారి పునరావాసానికి నిధులు సేకరించే ఒక స్వచ్ఛంద సంస్థ మూడు రోజుల సైకిల్ యాత్ర తలపెట్టింది, అందులో నా పేరు ఇచ్చాను. రోజుకు సుమారు 60 కిలోమీటర్లు వెళ్లాలి. నాతో వచ్చే మిత్రులంతా కాళ్లతో తొక్కేవారే. నేను ఇప్పటికి ఒక విడతలో 25 కిలోమీటర్ల వరకు ఇబ్బంది లేకుండా వెళ్లగలుగుతున్నాను, యాత్రకు ఐదు నెలల గడువు ఉంది.

అడగదలచినవి రెండు విషయాలు. మొదటిది, ఈ అయిదు నెలల్లో సాధనను ఏ తీరున పెంచుకోవాలి, శరీరం విషయంలో ఏయే జాగ్రత్తలు ముందుగానే తీసుకోవాలి అన్నది. రెండోది విరాళాల గురించి. కిలోమీటరుకు ఇంత చొప్పున దాతల నుంచి మాట తీసుకుంటే ఎక్కువ మొత్తం వస్తుందని నిర్వాహకులు సూచించారు. అది నాకు ఎందుకో మనస్కరించడం లేదు, అయితే కారణం ఇదీ అని వారికి చెప్పలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

మూడుచక్రాలు

తూర్పుగాలి గారూ, నాది టీ-10 గాయం. హ్యాండ్‌సైకిల్‌పై దూర ప్రయాణాలు చేస్తుంటాను. అరవై కిలోమీటర్లు మీకు అందని దూరమేమీ కాదు, కాని ఒక రోజు అరవై తొక్కడం వేరు, మర్నాడు లేచి మళ్లీ అరవై తొక్కడం వేరు. కాళ్లతో తొక్కేవారికి సాయంత్రం సైకిల్ దిగగానే అలసిన కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. మన భుజాలకు ఆ వెసులుబాటు లేదు. సైకిల్ దిగడమే భుజాల బలంతో. ఆ తరువాత వీల్‌చైర్ తోసుకోవడం, మంచం ఎక్కడం, స్నానం, రాత్రి ఒత్తిగిలడం, అన్నీ వాటి మీదే. అందువల్ల సాధన ప్రణాళికలో కిలోమీటర్ల పక్కన ట్రాన్స్‌ఫర్లను, అంటే చేతుల బలంతో ఒక చోటి నుంచి మరొక చోటికి మారడాన్ని, కూడా లెక్క వేయండి. హ్యాండ్‌సైకిల్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక దాని నుంచి వీల్‌చైర్‌లోకి లేవడమే రోజంతటిలోనూ భుజానికి అతి కష్టమైన పని అవుతుంది. యాత్ర రోజుల్లో ఆ ఒక్క ఎత్తుకు ఇద్దరి సాయం తీసుకోండి. సొంతంగా లేవగలిగినా సరే, తీసుకోండి.

సాధనకు కనీస మెట్టు ఏమిటంటే, వెన్నుపాము గాయమైన పెద్దల కోసం 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒంటి సత్తువ కోసం వారానికి రెండుసార్లు 20 నిమిషాల చొప్పున ఒక మోస్తరు నుంచి తీవ్రమైన వ్యాయామాన్నీ, దానితో పాటు వారానికి రెండుసార్లు కండరాల బలం పెంచే వ్యాయామాన్నీ సూచించాయి. గుండె, జీవక్రియల ఆరోగ్యం కోసమైతే వారానికి మూడుసార్లు 30 నిమిషాలు. మీరు ఆ మెట్టు ఎప్పుడో దాటారు. ఇక మీదట వారానికి ఒక్క దూర సవారీని మాత్రమే పెంచండి, తక్కినవి తేలికగా ఉంచండి, ప్రతి నాలుగో వారం దూరాన్ని తగ్గించి భుజాలకు ఊపిరి ఇవ్వండి. చివరి నెలలో రెండు రోజులు వరుసగా 40, 45 కిలోమీటర్లు వెళ్లి, రెండో రోజు సాయంత్రం భుజం ఎలా ఉందో చూసుకోండి. మూడు రోజుల యాత్రను ముందే ఒకసారి పూర్తిగా చేసి చూడాలని మాత్రం అనుకోవద్దు. యాత్రకు ముందు పది రోజులు బాగా తగ్గించేయండి.

హ్యాండ్‌సైకిల్‌లో తోయడం, లాగడం రెండూ ఉండడం వల్ల వీల్‌చైర్ తోయడం కన్నా భుజానికి కొంత మేలే. అయినా రబ్బరు బ్యాండుతో రెక్కల ఎముకలను వెనక్కి లాగే వ్యాయామాలు, భుజాన్ని బయటికి తిప్పే వ్యాయామాలు మానవద్దు. పెడల్ అతి దూరంలో ఉన్నప్పుడు కూడా మోచేయి కొద్దిగా వంగి ఉండేలా సీటును సర్దుకోండి. భుజం ముందు భాగంలో పోటు మొదలైతే ఆ రోజుకు ఆపివేయడమే మంచిది.

చేయూత

నేను పునరావాస విభాగంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మూడుచక్రాలు గారు చెప్పినవన్నీ సబబే. అయితే ఆయనది టీ-10, మీది టీ-4. ఈ తేడా వల్ల మీకు ఒక ప్రమాదం ఉంది, ఆయనకు అది సాధారణంగా ఉండదు. టీ-6 స్థాయిలో గాని, అంతకు పైన గాని గాయమైనవారికి ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా వచ్చే అవకాశం ఉంటుంది. దాన్ని మేము ఏడీ అంటాము.

గాయానికి కింద ఎక్కడో ఒక ఇబ్బంది కలుగుతుంది. మూత్రాశయం నిండి ఉండవచ్చు, మూత్రం బయటికి తీసే కాథెటర్ గొట్టం మెలిక పడి ఉండవచ్చు, మలబద్ధకం కావచ్చు, బిగించిన పట్టీ చర్మాన్ని కోస్తూ ఉండవచ్చు, కాలి గోరు లోపలికి పెరిగి ఉండవచ్చు. ఆ బాధ మీకు తెలియదు, కాని వెన్నుపాము దానికి స్పందించి కింది భాగంలోని రక్తనాళాలను బిగించివేస్తుంది, దానితో బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. మెదడు దాన్ని గమనించి గుండె వేగాన్ని తగ్గించగలదే గాని, బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేయమనే ఆజ్ఞ గాయాన్ని దాటి కిందికి చేరదు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడడం, గాయానికి పైభాగంలో చెమట, ముక్కు దిబ్బడ, గుండెలో గాభరా దీని లక్షణాలు. సకాలంలో చూడకపోతే మూర్ఛకు, మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చు. అందుకే దీన్ని అత్యవసర స్థితిగా పరిగణిస్తాము.

మరొక మాట. గాయం కింద నొప్పి పుట్టించి బీపీని కావాలని పెంచుకుంటే చేతులకు శక్తి వస్తుందని కొందరు క్రీడాకారులు ప్రయత్నించిన సందర్భాలు ఉన్నాయి. దాన్ని బూస్టింగ్ అంటారు. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాన్ని నిషేధించింది. ఎవరైనా చిట్కాగా చెప్పినా ఆ వైపు పోవద్దు.

తూర్పుగాలి

చేయూత గారూ, ధన్యవాదాలు. గాయమైన తొలి రోజుల్లో ఆసుపత్రిలో నాకు ఏడీ వచ్చింది కనుక ఆ తలనొప్పి ఎలా ఉంటుందో తెలుసు. నా సందేహం వెంట వచ్చే మిత్రుల గురించే. వారిలో ఎవరూ వైద్యం తెలిసినవారు కారు. దారి మధ్యలో నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఏది ఏడీయో ఏది ఎండదెబ్బో వారు ఎలా పోల్చుకోగలరు?

చేయూత

మీరు అడిగిన ప్రశ్నే ఈ యాత్ర మొత్తంలో అతి ముఖ్యమైనది, కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

తలనొప్పితో, ఎర్రబడిన ముఖంతో, చెమటతో ఒక సైకిలిస్టు ఆగిపోతే చుట్టూ ఉన్నవారు సహజంగా ఎండదెబ్బ అనుకుంటారు. నీడలో పడుకోబెట్టి కాళ్లు పైకి ఎత్తిపెడతారు. ఏడీలో అది చేయకూడని పని, ఎందుకంటే అప్పటికే పెరిగిపోయిన బీపీ తలవైపు ఇంకా పెరుగుతుంది. ఏడీలో మనిషిని నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించాలి. ఇక్కడ మీ హ్యాండ్‌సైకిల్ వల్ల ఒక చిక్కు ఉంది: దానిలో మీరు వెనక్కి వాలి ఉంటారు, కాళ్లు ముందుకు చాపి పట్టీలతో బిగించి ఉంటాయి. అంటే మీ మిత్రులు చేయవలసిన మొదటి పని ఆ పట్టీలు విప్పి, మిమ్మల్ని లేపి కూర్చోబెట్టడం. ఆ తరువాత నడుము బెల్టు, బూట్లు, కుదింపు మేజోళ్లు వదులు చేయాలి, కాథెటర్ గొట్టం, సంచీ చూడాలి, మూత్రాశయాన్ని ఖాళీ చేయాలి. అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి కూడా మీకు రావచ్చు. చాలాసేపు తొక్కి ఆగి, లేచి కూర్చున్నప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోయి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, ముఖం పాలిపోతుంది. అప్పుడు పడుకోబెట్టి కాళ్లు ఎత్తడమే సరైన పని. ఒకదానికి చేసేది మరొకదానికి చేస్తే ప్రమాదం. ఊహతో తేల్చుకోవలసిన అవసరం లేకుండా, వెంట వచ్చే వాహనంలో చేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి తప్పనిసరిగా ఉంచండి, దాన్ని వాడడం కనీసం ఇద్దరికి నేర్పండి. మీ మామూలు బీపీ ఎంతో ఇప్పటి నుంచే వేర్వేరు వేళల్లో చూసి రాసుకోండి. మీ స్థాయి గాయం ఉన్నవారిలో పై అంకె చాలాసార్లు 90, 110 మధ్యనే ఉంటుంది. దాని మీద 20 నుంచి 40 వరకు పెరిగితే ఏడీని అనుమానించాలి. మరొకరికి మామూలుగా కనిపించే 140 మీకు మామూలు కాదు, ఈ సంగతి తెలియని వైద్యుడు కూడా దారిలో ఎదురుకావచ్చు. తొక్కేటప్పుడు బీపీ కొంత పెరగడం సహజం కనుక, లక్షణాలు లేనప్పుడు ఆగి కొన్ని నిమిషాలు కూర్చున్న తరువాత చూసిన అంకెలనే మామూలు అంకెలుగా రాసుకోండి. ఈ వివరాలన్నీ ఒక కార్డు మీద రాసి సైకిల్‌కే కట్టి ఉంచండి, మీ వైద్యుడి సలహాతో మందు ఏదైనా ఉంటే దాని పేరూ మోతాదూ అందులోనే ఉండాలి.

నిదానం

నాది సి-6, అంటే మెడలో ఆరో వెన్నుపూస స్థాయి గాయం. వేళ్లకు పట్టు లేదు, అందుచేత ప్రత్యేకమైన పిడులకు చేతులు అమర్చుకుని తొక్కుతాను. నా వంతుగా వేడి గురించి చెబుతాను.

తూర్పుగాలి గారికి ఛాతీ మధ్య నుంచి కిందికి చెమట దాదాపు పట్టదు. చల్లబడడానికి శరీరానికి మిగిలింది తల, మెడ, చేతులు, ఛాతీ పైభాగం మాత్రమే. మిత్రులకు హాయిగా అనిపించే ఎండ మీకు ఎక్కువ కావచ్చు. కాబట్టి దాహం వేసేదాకా, వేడి చేసినట్టు అనిపించేదాకా ఆగవద్దు. ఒళ్లు వేడెక్కిన తరువాత దాన్ని దించడం మనకు చాలా కష్టం. స్ప్రే సీసాతో ముఖం, మెడ, చేతులు, ఛాతీ తడుపుకుంటూ ఉండాలి, తడి ఆరేటప్పుడే చల్లదనం వస్తుంది. గాలిలో తేమ బాగా ఉన్న రోజున అది అంతగా పనిచేయదు, అప్పుడు వేగం తగ్గించడం తప్ప గత్యంతరం లేదు. మంచు సంచీని స్పర్శలేని చర్మం మీద నేరుగా పెట్టకూడదు, చర్మం దెబ్బతిన్నా మనకు తెలియదు. తెల్లవారుజామున, పల్లం దారుల్లో దీనికి వ్యతిరేకంగా చలి కూడా పట్టుకుంటుంది, కనుక కాళ్ల మీద కప్పుకోవడానికి ఏదైనా ఉండాలి.

గుండె వేగం చూపే గడియారాన్ని నమ్ముకుని సాధన చేసేవారికి ఒక మాట. మెడ దగ్గర గాయమైనవారికి గుండెను వేగిరపరిచే నరాల మీద మెదడు అదుపు పోతుంది, ఎంత కష్టపడినా గుండె వేగం సుమారు 110 నుంచి 130 దగ్గర ఆగిపోతుంది. వయసును బట్టి లెక్కకట్టే సూత్రాలు మాకు పనికిరావు. టీ-4లో కూడా అవి పూర్తిగా సరిపోతాయని అనుకోవద్దు. ఎంత శ్రమగా ఉంది అన్నదానికి పదికి ఇన్ని అని మీరే అంకె వేసుకుని, దూర సవారీల్లో నాలుగు, అయిదు దాటకుండా చూసుకోండి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే.

సహచారిణి

నా భర్తది టీ-5 గాయం. ఇద్దరం కలిసి ఇలాంటి యాత్రల్లో పాల్గొన్నాము, ఆయన తొక్కుతారు, నేను వాహనంలో వెంట ఉంటాను. ఎవరూ బయటికి చెప్పని విషయాలే ఇక్కడ చెప్పాలి.

యాత్ర తెల్లవారకముందే మొదలవుతుందని చెబుతారు. మీ మలవిసర్జన క్రమం ఉదయం అయితే, దానికి పట్టే సమయం ఎంత? ముందు రోజు సాయంత్రానికి మారుద్దామని అప్పటికప్పుడు అనుకుంటే పేగు మాట వినదు. మార్చదలచుకుంటే చాలా వారాల ముందే మార్చి, స్థిరపడిందని నిర్ధారించుకోండి. లేదా నిర్వాహకులను అడిగి గంటన్నర ఆలస్యంగా బయలుదేరండి. అలా అడగడంలో నామోషీ ఏమీ లేదు.

మూత్రం విషయంలో చాలామంది దారిలో ఆగవలసి వస్తుందని నీళ్లు తగ్గిస్తారు. దానివల్ల ఇన్‌ఫెక్షనూ వస్తుంది, ఎండదెబ్బా తగులుతుంది. నీళ్లు తగ్గించవద్దు, విరామాలు పెంచండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి కాథెటర్ వేసుకునేవారు, ఎక్కువ నీళ్లు తాగే రోజున ఒక్కోసారి వచ్చే మూత్రం 500 మిల్లీలీటర్లు దాటకుండా వేళలను దగ్గర చేసుకోవాలి. వాహనంలో తెర, శుభ్రమైన చోటు, చేతులు కడుక్కునే ఏర్పాటు, లెక్క కన్నా ఎక్కువ కాథెటర్లు ఉండాలి.

చర్మం గురించి. హ్యాండ్‌సైకిల్‌లో వాలి కూర్చున్నప్పుడు భారం వీల్‌చైర్‌లో పడే చోట పడదు. త్రికాస్థి (నడుము కింద వెన్ను చివరి ఎముక), రెక్కల ఎముకలు, పిక్కలు, మడమలు ఒత్తుకుంటాయి. వీల్‌చైర్‌లో పుండు రాలేదు కనుక సైకిల్‌లోనూ రాదన్న ధైర్యం సరికాదు. ప్రతి విరామంలో భారం తీసి రెండు నిమిషాలు ఉండాలి. సాయంత్రం దిగగానే ఫోన్ కెమెరాతో ఫొటో తీసి చూసుకోవాలి. ఎర్రదనం వేలితో నొక్కినా తెల్లబడకపోతే, లేదా అరగంట గడిచినా పోకపోతే, ఆ చోటు మీద మళ్లీ కూర్చోకూడదు. మర్నాడు తొక్కడం అనే ఆలోచన అక్కడితో ఆగిపోవాలి. నల్లని చర్మంలో ఎరుపు సరిగా కనిపించదు, వేడి, గట్టిదనం, వాపు తాకి చూడాలి. వెనుక జేబులు, మందపాటి కుట్లు ఉన్న ప్యాంట్లు వేసుకోవద్దు.

చివరిగా, వెంట వచ్చే మనిషి కూడా అలసిపోతారు. పగలంతా వాహనం నడిపి, రాత్రి ఒత్తిగిలించడానికి లేచి, తెల్లవారి మళ్లీ వాహనం నడపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కనీసం ఇద్దరిని పెట్టుకోండి.

అడుగడుగు

నాది అసంపూర్ణ గాయం, డి శ్రేణి, అంటే గాయం కింద కండరాల బలం చాలావరకు మిగిలి ఉన్న రకం. ఊతకర్రతో నడుస్తాను, మూడు చక్రాల సైకిల్ కాళ్లతోనే తొక్కుతాను. ఇలాంటి యాత్రల్లో నన్ను చూసి, నడవగలిగేవారికి ఈ ప్రత్యేక ఏర్పాట్లు ఎందుకని అడిగినవారు ఉన్నారు. కనిపించే నడక వెనుక కనిపించనివి ఉంటాయి: సీటు మీద కూర్చునే భాగంలో నాకు స్పర్శ లేదు, మూత్రాశయం నా అదుపులో లేదు, అలసట పెరిగేకొద్దీ పాదం జారిపోతుంది. పారాసైక్లింగ్ పోటీల్లో చేతులతో తొక్కేవారికి హెచ్-1 నుంచి హెచ్-5 వరకు, మూడు చక్రాలవారికి వేరుగా, రెండు చక్రాలవారికి సి-1 నుంచి సి-5 వరకు విభాగాలు ఉన్నాయి. నడవగలిగినంత మాత్రాన లోపం లేదని ఆ క్రీడ అనుకోలేదు. తూర్పుగాలి గారూ, మీ జట్టులో నావంటి వారు ఎవరైనా చేరితే వారికి కూడా విరామాలు కేటాయించమని మనవి.

కొండదారి

నేను గాయమైనవాడిని కాను, సైకిల్ యాత్రలు నిర్వహిస్తుంటాను. విరాళాల విషయంలో నిర్వాహకుల పక్షాన ఒక మాట చెప్పాలి. కిలోమీటరుకు ఇంత అన్నప్పుడు దాతలు యాత్రను రోజూ గమనిస్తారు, అంకె పెరుగుతుంటే తమకూ అందులో భాగం ఉందనుకుంటారు, మరో నలుగురికి చెబుతారు. దూరానికి మనుషులను కదిలించే శక్తి ఉంది. కెనడాకు చెందిన రిక్ హాన్సెన్ 1985 మార్చిలో వీల్‌చైర్‌లో బయలుదేరి 26 నెలల్లో 34 దేశాల గుండా 40,000 కిలోమీటర్లకు పైగా వెళ్లి, వెన్నుపాము గాయాల పరిశోధన కోసం రెండున్నర కోట్ల డాలర్లకు మించి సేకరించారు. ఆ దూరమే లేకపోతే అంత మొత్తం వచ్చేదా?

నిదానం

కొండదారి గారూ, మీ ఉద్దేశం మంచిదే, మీరు చెప్పిన ఉదాహరణ కూడా గొప్పదే. అయితే రిక్ హాన్సెన్ వెంట ఒక బృందం ఉంది, అందులో ఫిజియోథెరపిస్ట్ ఉన్నారు, ఆయనకు నెలల వ్యవధి ఉంది. భుజం నొప్పి పుడితే వేగాన్ని మార్చుకోవచ్చు. తూర్పుగాలి గారికి ఉన్నవి మూడు రోజులు.

తూర్పుగాలి గారికి మనస్కరించకపోవడానికి కారణం ఇదని నాకు తోస్తుంది. మామూలు సైకిలిస్టుకు ఎక్కడ ఆగాలో నొప్పి చెబుతుంది. తొడ పట్టేస్తే, సీటు ఒరుసుకుంటే అతను ఆగుతాడు, దాతలు కూడా అర్థం చేసుకుంటారు. మనకు శరీరంలో సగానికి పైగా ఆ హెచ్చరిక లేదు. ఆగాలన్న నిర్ణయం నొప్పి వల్ల కాక, ఫొటోలో కనిపించిన మచ్చ వల్ల, బీపీ మిషన్‌లోని అంకె వల్ల తీసుకోవలసి వస్తుంది. ఏ బాధా లేకుండా, చేతుల్లో ఇంకా సత్తువ ఉండగా ఆగిపోవడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు. దాని మీద ప్రతి కిలోమీటరుకూ ఒక మొత్తం కట్టి ఉంటే, ఆగడమంటే పునరావాసంలో ఉన్న మరొకరి నోటి దగ్గరి ముద్ద తీసివేసినట్టు అనిపిస్తుంది. ఎర్రమచ్చను చూసి కూడా, ఇంకొక పది కిలోమీటర్లే కదా అనుకుంటారు. ఆ పది కిలోమీటర్ల వల్ల వచ్చిన పుండు మానడానికి నెలలు మంచం మీద బోర్లా పడుకోవలసి రావచ్చు. గాయమైనవారి కోసం చేసే యాత్రలో గాయమైన మనిషినే పణంగా పెట్టకూడదు.

వెన్నుదన్ను

నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఖాతాలు చూస్తాను. నిదానం గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను, లెక్కల వైపు నుంచి కూడా దానికి బలం ఉంది. కిలోమీటరు చొప్పున మాట ఇచ్చినవారి నుంచి యాత్ర ముగిశాక సొమ్ము రాబట్టవలసి ఉంటుంది, కొంతమంది మరచిపోతారు. ముందుగానే ఒకే మొత్తంగా ఇచ్చిన విరాళానికి ఆ ఇబ్బంది లేదు.

కొండదారి గారు చెప్పిన ఉత్సాహం కావాలంటే దానికి వేరే మార్గం ఉంది. దూరాన్ని జట్టు పేరిట పెట్టండి. మూడు రోజుల్లో జట్టు అంతా కలిసి ఇంత దూరం వెళ్తుందని ప్రకటిస్తే, ఒకరు ఆగినా మరొకరు పూరించవచ్చు, దాతలకు రోజూ పెరిగే అంకె కూడా ఉంటుంది.

మరో రెండు విషయాలు. వాహనం, బస, సైకిల్ మరమ్మతు ఖర్చులు మీ సొంతమా, విరాళాల నుంచా అన్నది విజ్ఞప్తిలోనే స్పష్టంగా రాయండి. సొంతంగా భరించగలిగితే అన్నిటికన్నా మేలు. భరించలేకపోతే ఖర్చుల కోసం వేరుగా అడగండి, కాని రెండింటినీ ఒకే ఖాతాలో కలపవద్దు. సొమ్ము నేరుగా సంస్థ ఖాతాకే చేరేలా చూడండి, మీ చేతుల మీదుగా పోనివ్వవద్దు.

కొండదారి

నిదానం గారు రాసిన కారణం నాకు ఇంతవరకు తట్టలేదు. జట్టు దూరం ఆలోచన ఆచరణకు అనువుగా ఉంది, మా తరువాతి యాత్రలో కూడా దాన్నే అనుసరిస్తాము.

తూర్పుగాలి

నా మనసులో ఉన్నదాన్ని నిదానం గారు మాటల్లో పెట్టారు. నిర్వాహకులతో మాట్లాడాను, జట్టు దూరానికి ఒప్పుకున్నారు. విజ్ఞప్తిని ఇలా రాశాను, చూసి చెప్పండి:

"నేను వెన్నుపాము గాయంతో జీవిస్తున్నాను. విధి నన్ను కుర్చీకి కట్టివేసినా నా సంకల్పాన్ని కట్టివేయలేకపోయింది. కాళ్లు లేకున్నా చేతులతో మూడు రోజులు పోరాడి 180 కిలోమీటర్లు జయించబోతున్నాను. నా పోరాటానికి మీ చేయూత కావాలి. గాయమైనవారి పునరావాసానికి విరాళం ఇవ్వండి."

సహచారిణి

తూర్పుగాలి గారూ, చనువు తీసుకుని చెబుతున్నాను, ఇది మీరు రాసినట్టు లేదు. ఈ వేదికలో ఇంత ఆచితూచి మాట్లాడే మనిషి, విజ్ఞప్తిలో విధి, పోరాటం, జయం అంటున్నారు. మీరు వీల్‌చైర్‌కు కట్టుబడి లేరు, దాని వల్లే ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన స్టెల్లా యంగ్ 2014లో చేసిన ఒక ప్రసంగంలో, వికలాంగుల జీవితాలను ఇతరులకు ఉత్తేజం కలిగించే వస్తువులుగా వాడుకోవడాన్ని తీవ్రంగా విమర్శించారు. మిమ్మల్ని చూసి కళ్లు చెమర్చి ఇచ్చే దాత ఒకసారి ఇస్తారు. పునరావాసం అంటే ఏమిటో తెలిసి ఇచ్చే దాత మళ్లీ మళ్లీ ఇస్తారు.

పైగా 180 కిలోమీటర్లు జయిస్తానన్న మాటతో, కిలోమీటరు లెక్కను గుమ్మంలో నుంచి పంపించి కిటికీలో నుంచి మళ్లీ రానిచ్చారు.

వెన్నుదన్ను

ఆ సొమ్ముతో సంస్థ ఏమి చేస్తుందో ఒక్క వాక్యం కూడా లేదు. సంస్థను అడిగి తెలుసుకుని, ఏ పనికి వెచ్చిస్తారో రాయండి.

తూర్పుగాలి

ఇద్దరికీ ధన్యవాదాలు. మళ్లీ రాశాను:

"వెన్నుపాము గాయమైన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నేర్చుకోవలసినవి చాలా ఉంటాయి: పుండ్లు పడకుండా కూర్చోవడం, మూత్రాశయాన్ని సొంతంగా ఖాళీ చేసుకోవడం, వీల్‌చైర్ నుంచి మంచం మీదికి మారడం. ఇవి నేర్పినవారు ఉన్నందువల్లే నేను ఈ రోజు ఉద్యోగం చేస్తున్నాను, సైకిల్ తొక్కుతున్నాను. ఆ శిక్షణ అందనివారికి దాన్ని అందించడానికి ఈ సంస్థ మీ విరాళాన్ని వెచ్చిస్తుంది. మా జట్టు మూడు రోజులు సైకిల్ యాత్ర చేస్తుంది. నేను హ్యాండ్‌సైకిల్‌పై పాల్గొంటాను. నా చర్మం, రక్తపోటు అనుమతించినంత దూరం వెళ్తాను, అవసరమైతే ఆగుతాను, మిగిలిన దూరాన్ని జట్టు పూర్తిచేస్తుంది. ఎవరు ఎంత దూరం వెళ్లినా మీ విరాళం మారదు. యాత్ర ఖర్చులు మేమే భరిస్తున్నాము."

సహచారిణి

ఇది మీ గొంతు. ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.

మూడుచక్రాలు

దారి గురించి ఎవరూ చెప్పలేదు కనుక ఇది జత చేస్తున్నాను. యాత్రకు ముందే మార్గాన్ని వాహనంలో ఒకసారి చూసి రండి. చాలా హ్యాండ్‌సైకిళ్లలో గొలుసు ముందు చక్రాన్ని తిప్పుతుంది, మన బరువు మాత్రం వెనుక ఉంటుంది. నిటారైన ఎగువలో, అందులోనూ తడి రోడ్డు మీద, కంకర మీద, ముందు చక్రం జారి తిరుగుతుంది గాని బండి కదలదు. అలాంటి చోట వెనుక నుంచి తోయడానికి ఒకరిని ముందే నియమించుకోండి. దిగువలో ఎక్కువసేపు బ్రేకు పట్టి ఉంచకుండా, మొదటి నుంచే వేగాన్ని అదుపులో పెట్టుకోవాలి. మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. లారీ డ్రైవర్ల కంటికి మనం ఆనము. పొడవైన కర్రకు జెండా, ముందు వెనుక పగలు కూడా వెలిగే దీపాలు, వెనుక ఒక మిత్రుడి సైకిల్ ఉండాలి.

కాళ్లను పట్టీలతో బాగా భద్రపరచుకోండి, పట్టీ కింద మెత్త ఉండాలి. గాయమైన తొలి ఏళ్లలోనే గాయం కింది భాగంలోని ఎముకలు బాగా పలచబడతాయి, ముఖ్యంగా మోకాలి చుట్టూ. బండి ఒరిగి కాలు మెలిక పడితే ఎముక విరిగినా మనకు తెలియకపోవచ్చు. చిన్నగా పడినా సరే, ఆగి మోకాలి దగ్గర, చీలమండ దగ్గర వాపు ఉందేమో చూసుకోండి. కాళ్లు ఉన్నట్టుండి ఎక్కువగా బిగుసుకోవడం మొదలైనా, దానికి కింద ఏదో కారణం ఉందనే భావించండి.

తూర్పుగాలి

అందరి సలహాలనూ మిత్రులకు చదివి వినిపించాను. పట్టీలు విప్పి నన్ను లేపి కూర్చోబెట్టడం ఈ ఆదివారం నుంచి సాధన చేస్తాము. బీపీ అంకెలు రాయడం మొదలుపెట్టాను. చేయూత గారికి ఒక్క ప్రశ్న మిగిలింది. యాత్రకు వారం ముందు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తే ఏం చేయాలి? నాకు అది తరచుగా వస్తుంటుంది.

చేయూత

మూత్రం మసకగా ఉండడం, వాసన రావడం మాత్రమే అయితే అది ఇన్‌ఫెక్షన్ అని తేల్చలేము, నీళ్లు పెంచి మీ వైద్యుడికి చెప్పండి. జ్వరం, చలి, మామూలు కన్నా ఎక్కువగా కాళ్లు బిగుసుకోవడం, మధ్యలో మూత్రం కారడం, ఏడీ లక్షణాలు, వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించి చికిత్స తీసుకోవాలి, ఆ చికిత్స పూర్తయి జ్వరం పూర్తిగా తగ్గేవరకు తొక్కకూడదు. జ్వరం ఉన్న శరీరం చెమట పట్టక మరింత వేడెక్కుతుంది, ఇన్‌ఫెక్షనే ఏడీకి కారణం కూడా అవుతుంది. ఇన్‌ఫెక్షన్ రాకూడదని ముందు జాగ్రత్తగా సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోవద్దు, తరువాత నిజంగా అవసరమైనప్పుడు అది పనిచేయకపోవచ్చు. మీకు తరచుగా వస్తుందంటున్నారు కనుక, యాత్రకు నెల ముందు ఒకసారి యూరాలజిస్టును కలిసి కాథెటర్ వేళలు, మూత్రాశయంలో రాళ్లు ఏమైనా ఉన్నాయా అన్నది చూపించుకోండి. మొదటి రోజు తొక్కలేకపోతే వాహనంలో కూర్చుని జట్టుతో వెళ్లండి, వైద్యుడు సరేనంటే మూడో రోజు చివరి పది కిలోమీటర్లు తొక్కవచ్చు. మీ విజ్ఞప్తిలో దానికి చోటు ఉంచుకున్నారు.